క్లౌడ్‌కు మారే ముందు సర్వర్ రూమ్‌లోనే తేల్చుకోవాల్సిన లెక్కలు

చాలా కంపెనీల్లో క్లౌడ్ మాట (సొంత సర్వర్ల బదులు ఇంటర్నెట్ ద్వారా వేరే సంస్థ సర్వర్లను అద్దెకు వాడుకోవడం) గట్టిగా వినబడేది సర్వర్లు పాతబడినప్పుడే. ఐదారేళ్ల కిందట కొన్న మెషీన్ల వారంటీ అయిపోవస్తుంది. కొత్తవాటికి కొటేషన్ తెప్పిస్తే అంత మొత్తం ఒక్కసారిగా ఎక్కడి నుంచి తేవాలా అని ఫైనాన్స్ విభాగం తల పట్టుకుంటుంది. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్ గడువు తరుముకొస్తుంది. విండోస్ సర్వర్ 2016నే తీసుకుంటే, దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగించిన సపోర్ట్ కూడా 2027 జనవరి 12తో ముగుస్తుంది. ఇంకొన్నిచోట్ల లైసెన్స్ షరతులే మారిపోతాయి. ఒకే మెషీన్ మీద అనేక సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నాక, ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకోగల లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మార్చింది. దాంతో సొంత సర్వర్లే చాలనుకున్నవాళ్లు కూడా మళ్లీ లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది.

గడువు ముంచుకొస్తున్నప్పుడు అందరూ ముందు అడిగే ప్రశ్న ఒకటే: అమెజానా, మైక్రోసాఫ్టా, గూగులా? దీని మీద వారాల తరబడి మీటింగులు నడుస్తాయి, పోలికల పట్టికలు తయారవుతాయి. ఆ పోలిక అవసరమే. కానీ ఒక మామూలు వ్యాపారానికి కావాల్సిన సర్వర్లు, స్టోరేజ్, డేటాబేస్‌లు ఈ మూడింటిలోనూ దొరుకుతాయి. తరలింపు గట్టెక్కుతుందా, మధ్యలో చిక్కుకుంటుందా అన్నది ఎక్కువగా తేలేది ఇంకోచోట. ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌లలో ఏది దేని మీద ఆధారపడి ఉందో కంపెనీకి ఎంత కచ్చితంగా తెలుసు అన్నదే అసలు పరీక్ష. ఈ పనికి ప్రణాళికలో దొరికే సమయం మాత్రం దాదాపు ఎప్పుడూ తక్కువే.

జాబితాలో లేనివి

సర్వర్ల జాబితా ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. ఒక ఎక్సెల్ షీట్, అందులో మెషీన్ పేరు, ఐపీ అడ్రస్, మెమరీ, డిస్క్, బాధ్యుల పేరు. ఆ బాధ్యుల్లో కొందరు కంపెనీ వదిలి వెళ్లిపోయి ఉంటారు. జాబితాలో లేని మెషీన్ ఒకటో రెండో ఎక్కడో తిరుగుతూనే ఉంటాయి. ఇది సరిచేసుకోవడం కష్టం కాదు. ఒక మెషీన్‌కూ ఇంకో మెషీన్‌కూ మధ్య ఉన్న లింకులు పట్టుకోవడమే కష్టం. అవి ఏ షీట్‌లోనూ ఉండవు.

ఒక సందర్భం తీసుకుందాం. ఒక కంపెనీలో రాత్రి 1:30కి బిల్లింగ్ ప్రోగ్రామ్ ఆ రోజు చెల్లింపుల ఫైల్ తయారుచేసి ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెడుతుంది. 2 గంటలకు వేరే సర్వర్ మీది ఒక స్క్రిప్ట్ ఆ ఫైల్ తీసుకుని బ్యాంకుకు పంపుతుంది. ఈ రెండు ప్రోగ్రాములకూ ఒకదాని ఉనికి ఒకదానికి తెలియదు. వాటిని కలుపుతున్నది గడియారం ఒక్కటే. ఇప్పుడు బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉన్న మొదటి సర్వర్‌ను క్లౌడ్‌కు మార్చారు. క్లౌడ్‌లో కొత్తగా లేచే లినక్స్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో, అంటే మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ అనుకునే 1:30కీ కంపెనీ 1:30కీ పొంతన లేకుండా పోయింది. స్క్రిప్ట్ వెళ్లి చూసేసరికి ఫోల్డర్ ఖాళీగా ఉంది. అది ఎర్రర్ చూపించలేదు. పంపాల్సింది ఏమీ లేదనుకుని, పని పూర్తయిందని లాగ్‌లో రాసి ఆగిపోయింది. మానిటరింగ్ తెర మీద అంతా పచ్చగానే ఉంది. డబ్బులు రాలేదని సరఫరాదారులు ఫోన్లు చేశాకే సంగతి బయటపడుతుంది.

ఇలాంటివి ప్రతి పాత వ్యవస్థలోనూ కొన్ని ఉంటాయి. ప్రోగ్రామ్‌లో నేరుగా రాసేసిన ఐపీ అడ్రస్‌లు, అకౌంట్స్ విభాగంలో ఎవరో ఎక్సెల్ మ్యాక్రోలో ఇరికించిన ఫోల్డర్ దారి, లైసెన్స్ కోసం సర్వర్ వెనక గుచ్చిన యూఎస్‌బీ డాంగిల్, మెయిల్ పంపడానికి పాత సర్వర్‌నే నమ్ముకున్న స్కానర్. నెట్‌వర్క్ మీద ఏ మెషీన్ ఏ మెషీన్‌తో మాట్లాడుతోందో నమోదు చేసే టూల్స్ ఉన్నాయి. పెద్ద క్లౌడ్ సంస్థలన్నీ ఇలాంటివి ఇస్తున్నాయి. వాటిని తప్పకుండా వాడాలి. అయితే అవి తాము నడిచిన రోజుల్లో జరిగినదే చూపిస్తాయి. రెండు వారాలు నడిపి ఆపేస్తే నెలాఖరు పనులు కనబడవు. మూడు నెలలు నడిపినా ఏడాదికోసారి ఖాతాలు మూసేటప్పుడు నడిచే ప్రోగ్రామ్ తప్పించుకుంటుంది. అందుకే టూల్ ఇచ్చిన రిపోర్టు పట్టుకుని, ఆ సిస్టమ్‌లతో రోజూ పనిచేసే మనుషుల దగ్గర కూర్చోవాలి. నెలాఖరులో ఏం చేస్తారు, ఏ రిపోర్టు ఆలస్యమైతే టెన్షన్ పడతారు, సిస్టమ్ పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఏ టూల్‌కూ దొరకని సమాచారం ఉంటుంది.

ఏవి కలిసి వెళ్లాలి

లింకులు తెలియకపోతే ఏమవుతుందో చూడ్డానికి పై ఉదాహరణలాంటి ప్రమాదాలే అక్కర్లేదు. అన్నీ సరిగ్గా పనిచేస్తూనే వాడలేనంత నెమ్మదించడం ఇంకో మాదిరి దెబ్బ.

ఒక ఆర్డర్ వివరాలు తెర మీదికి రావడానికి ప్రోగ్రామ్ డేటాబేస్‌ను 400 సార్లు అడుగుతుందనుకుందాం. పాత ప్రోగ్రాముల్లో ఇది వింతేమీ కాదు. ఒక్కో వరుసకు ఒక్కో ప్రశ్న చొప్పున వేసేలా రాసినవి చాలా ఉంటాయి. ప్రోగ్రామ్, డేటాబేస్ ఒకే గదిలో ఉన్నంతకాలం ఒక్కో ప్రశ్న వెళ్లి రావడానికి అర మిల్లీసెకను పడితే, 400 ప్రశ్నలకు 0.2 సెకన్లు. ఎవరికీ తేడా తెలియదు. ప్రోగ్రామ్‌ను క్లౌడ్‌కు పంపి, డేటాబేస్‌ను ప్రస్తుతానికి ఆఫీసులోనే ఉంచారు. మధ్య దూరం వల్ల రానూపోనూ 20 మిల్లీసెకన్లు పడుతోంది. ఇప్పుడు అదే తెరకు 8 సెకన్లు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, సర్వర్ ఇంకా శక్తిమంతమైంది, అయినా సిబ్బంది పని కుంటుపడింది.

ఇంటర్నెట్ లైన్ స్పీడు పెంచితే ఇది పోదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 1,000 కిలోమీటర్ల దూరం వెళ్లి రావడానికి ఎంత ఖర్చు పెట్టినా 10 మిల్లీసెకన్లకు తగ్గదు. పరిష్కారాలు రెండే: ప్రోగ్రామ్‌ను మార్చి ప్రశ్నలు తగ్గించడం, లేదా రెండింటినీ ఒకేసారి తరలించడం. తరలింపును విడతలుగా చేయాలని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ ఆ విడతలను విభాగాల వారీగానో, సర్వర్ల వయసును బట్టో విడగొడితే ఇలాంటి జంటలు తెగిపోతాయి. ఎక్కువగా మాట్లాడుకునేవి ఒకే విడతలో ఉండాలి. మొదటి విడతకు చిన్నదీ, పోయినా వ్యాపారం ఆగనిదీ ఎంచుకోవడం మంచిది. అలాగని ఎవరూ వాడని సిస్టమ్‌ను ఎంచుకుంటే దాని నుంచి నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు.

ఇక ఒక్కో సిస్టమ్‌ను ఏం చేయాలన్న నిర్ణయం. 2010లో టెక్నాలజీ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ ఇందుకు ఐదు దారులు సూచించింది. తర్వాత అమెజాన్ ఆ జాబితాను ఆరుకు, ఆపైన ఏడుకు పెంచింది. పేర్లు పక్కన పెడితే విషయం తేలికే. ఉన్నదున్నట్టు తీసుకెళ్లి క్లౌడ్‌లో పెట్టవచ్చు. కొద్దిగా మార్చి, సొంత డేటాబేస్ సర్వర్ బదులు క్లౌడ్ సంస్థే నిర్వహించే డేటాబేస్ వాడవచ్చు. మొత్తం తిరగరాయవచ్చు. దాన్ని వదిలేసి చందా కట్టే సాఫ్ట్‌వేర్‌కు మారవచ్చు. ఉన్నచోటే ఉంచవచ్చు. అసలు తీసేయవచ్చు. వీటిలో అన్నిటికన్నా లాభసాటి అయిన చివరి దాన్నే ఎక్కువగా మరిచిపోతారు. ఎవరూ చూడని రిపోర్టులు తయారుచేసే సర్వర్లు, పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్‌ను పాత రికార్డుల కోసమే నడుపుతున్న మెషీన్లు క్లౌడ్‌కు వెళ్తే ప్రతి నెలా బిల్లులో కనిపిస్తాయి. ఆ రికార్డులను చదవగలిగే రూపంలో బయటికి తీసి భద్రపరిస్తే ఆ సర్వర్‌తోనే పని ఉండదు.

ఉన్నదున్నట్టు మార్చడాన్ని కొందరు నిపుణులు తక్కువగా చూస్తారు. అది సరికాదు. డేటా సెంటర్ ఖాళీ చేయాల్సిన తేదీ దగ్గరపడితే అదే తెలివైన పని. కాకపోతే దాన్నే తరలింపు మొత్తం అనుకోకూడదు. నెట్‌ఫ్లిక్స్ దీనికి పూర్తిగా ఎదురు దారి ఎంచుకుంది. 2008 ఆగస్టులో ఆ సంస్థ డేటాబేస్ పాడై మూడు రోజులపాటు డీవీడీలు పంపలేకపోయింది. అప్పుడు అమెజాన్ క్లౌడ్‌కు మారాలని నిర్ణయించుకుని, పాతదాన్ని ఎత్తుకెళ్లకుండా దాదాపు అంతా కొత్తగా రాసుకుంది. ఆ పని పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. అంత ఇంజినీరింగ్ బలం ఉన్న సంస్థకే ఏడేళ్లు పట్టింది. ఏడాదిలో అన్నీ తిరగరాసి తరలించేస్తామనే ప్రణాళిక ఎవరైనా తెస్తే ఈ ఒక్క సంగతి గుర్తుచేయడం న్యాయం.

ఖర్చు లెక్క ఎక్కడ తప్పుతుంది

సొంత సర్వర్ కొనేటప్పుడు ఐదేళ్ల తర్వాత ఎంత అవసరమవుతుందో ఊహించి, దానికి కాస్త కలిపి కొంటారు. 32 కోర్ల మెషీన్‌లో మామూలు రోజున వాడేది నాలుగైదు కోర్లే కావచ్చు. మిగతావి ఖాళీగా ఉన్నా అదనంగా ఎవరూ డబ్బు అడగరు. అదే పరిమాణంలో క్లౌడ్‌లో సర్వర్ తీసుకుంటే ఆ ఖాళీకి గంట గంటకూ చెల్లించాల్సిందే. అందుకే జాబితాలోని స్పెసిఫికేషన్‌ను కాకుండా, కనీసం ఒక నెలాఖరు కలిసేలా కొలిచిన అసలు వాడకాన్ని బట్టి సైజు నిర్ణయించాలి.

క్లౌడ్‌లో నిజమైన ఆదా ఆపేయడంలో ఉంది. వారానికి 168 గంటలు. టెస్టింగ్ సర్వర్లు పనిచేయాల్సింది రోజుకు 10 గంటల చొప్పున ఐదు రోజులు, అంటే 50 గంటలు. మిగతా సమయం ఆపి ఉంచితే వాటి కంప్యూటింగ్ ఖర్చులో 70 శాతం తగ్గుతుంది. ఈ అలవాటు లేని టీమ్ క్లౌడ్‌కు వెళ్తే బిల్లు పెరగడం ఖాయం. ఏడాదికో, మూడేళ్లకో ముందే ఒప్పుకుంటే క్లౌడ్ సంస్థలు గణనీయంగా తగ్గింపు ఇస్తాయి. కానీ తరలింపు రోజే ఆ ఒప్పందాలు చేసుకోవడం తొందరపాటు. సైజులు సర్దుకున్నాక, రెండు మూడు నెలల బిల్లులు చూశాక చేసుకుంటే అక్కర్లేనిదానికి కట్టుబడే ప్రమాదం తప్పుతుంది.

అంచనాల్లో జారిపోయే ఖర్చులు ఇంకా కొన్ని ఉన్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిచే నెలలకు రెండు బిల్లులు కట్టాలి. క్లౌడ్ నుంచి బయటికి వెళ్లే డేటాకు విడిగా ఛార్జీ ఉంటుంది. రోజూ పెద్ద ఫైళ్లు ఆఫీసుకు దించుకునే వ్యాపారాలకు ఇది చిన్న మొత్తం కాదు. ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్మే డేటాబేస్ లైసెన్సులకు క్లౌడ్‌లో లెక్క వేసే పద్ధతి వేరుగా ఉంటుంది. ఒప్పందం కాగితాలు తీసి చదవకుండా, ఉన్న లైసెన్సే పనికొస్తుందని అనుకోవడం ప్రమాదం.

ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండే పెద్ద పని భారానికి క్లౌడ్ చవక కాకపోవచ్చు కూడా. డ్రాప్‌బాక్స్ తన వినియోగదారుల ఫైళ్లలో అత్యధిక భాగాన్ని అమెజాన్ నుంచి సొంత సర్వర్లకు మార్చుకుంది. దానివల్ల రెండేళ్లలో నిర్వహణ ఖర్చులు సుమారు 7.5 కోట్ల డాలర్ల మేర తగ్గాయని 2018లో షేర్ల జారీ పత్రాల్లో చూపింది. అంత స్థాయి ఉన్న సంస్థలు కొద్దే. అయినా, ఖర్చు తగ్గుతుందన్న ఒక్క కారణంతో బయల్దేరుతున్న ప్రణాళికను మరోసారి పరిశీలించాలి. త్వరగా కొత్త సర్వీసులు పెట్టగలగడం, డిస్కులూ పవర్ సప్లైలూ మార్చే పని తప్పడం, భారం ఒక్కసారిగా పెరిగినా తట్టుకోవడం లాంటి కారణాలు గట్టిగా నిలబడతాయి.

డేటా, తేదీ, వెనక్కి వచ్చే దారి

డేటా తరలింపుకు ఎన్ని రోజులు పడుతుందో చిన్న లెక్కతోనే తెలిసిపోతుంది. 100 టెరాబైట్లను 1 జీబీపీఎస్ (సెకనుకు ఒక గిగాబిట్) లైన్ మీద పంపడానికి, లైన్ మొత్తం దానికే వాడినా 8 లక్షల సెకన్లు, అంటే తొమ్మిది రోజులకు పైనే. ఆఫీసు పని కూడా అదే లైన్ మీద నడవాలి కాబట్టి సగమే దొరికితే పద్దెనిమిది రోజులు దాటుతుంది. 100 ఎంబీపీఎస్ అయితే మూడు నెలలు. కోట్ల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లున్న ఫైల్ సర్వర్లకు ఈ లెక్క కంటే ఎక్కువే పడుతుంది, ఒక్కో ఫైల్ తెరిచి మూయడానికే సమయం పోతుంది కాబట్టి. అందుకే భారీ డేటాను డిస్కుల్లో నింపి వాహనంలో పంపే పద్ధతి ఇప్పటికీ ఉంది. మామూలుగా జరిగేది ఏమిటంటే, మొదట మొత్తం కాపీ చేసి, ఆ తర్వాత జరిగే మార్పులను మాత్రం ఎప్పటికప్పుడు కొత్తచోటికి పంపుతూ ఉంటారు. కట్‌ఓవర్ రాత్రికి, అంటే పాతదాన్ని ఆపి కొత్తదానికి మారే రాత్రికి, మిగిలేది చివరి కొన్ని నిమిషాల తేడానే.

ఆ రాత్రి గురించి తేలిగ్గా తీసుకోకూడదని బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు అనుభవం చెబుతుంది. అది ఒక బ్యాంకింగ్ వ్యవస్థ నుంచి మరో దానికి మారిన సంఘటన, అచ్చంగా క్లౌడ్ తరలింపు అనలేం. కానీ తరలింపు ప్రణాళిక వేసే ప్రతి ఒక్కరూ దాన్ని చదవాలి. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో లక్షలాది ఖాతాల డేటాను ఒకేసారి మార్చారు. డేటా సరిగ్గానే వెళ్లింది. దాన్ని నడపాల్సిన కొత్త వ్యవస్థ మాత్రం అసలు భారాన్ని తట్టుకోలేకపోయింది. ఖాతాదారులు తమ డబ్బు చూసుకోలేకపోయారు, చెల్లింపులు ఆగిపోయాయి. పూర్తిగా మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబరు పట్టింది. 2022లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. స్వతంత్ర దర్యాప్తు నివేదికలో రెండు సంగతులు ప్రత్యేకంగా బాధ కలిగిస్తాయి. పనికి ఎంత కాలం పడుతుందో తేల్చి తేదీ పెట్టడం జరగలేదు, తేదీ ముందు పెట్టి దానికి తగ్గట్టు పనిని సర్దారు. రెండు డేటా సెంటర్లు ఉంటే భార పరీక్షలు ఒకదాని మీదే జరిగాయి. ఈ రెండూ సాంకేతిక రహస్యాలేమీ కావు. వద్దని గట్టిగా చెప్పగలిగే మనిషి గదిలో ఉంటే ఆగిపోయేవి.

అందుకే కట్‌ఓవర్ ప్రణాళికలో వెనక్కి తిరిగే దారికి ముందుకు వెళ్లే దారి అంత వివరం ఉండాలి. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొత్త డేటాబేస్‌లో మొదటి ఆర్డర్ పడిన క్షణం నుంచి పాతదానికి తిరిగి వెళ్లడమంటే ఆ ఆర్డర్లను పోగొట్టుకోవడమే. ఆ తర్వాత కూడా వెనక్కి రాగలగాలంటే మార్పులు కొత్తదాని నుంచి పాతదానికి ప్రవహించే ఏర్పాటు ముందే చేసి, పరీక్షించి ఉండాలి. ఏ సమయానికి ఏ పరీక్షలు నెగ్గకపోతే ఆపేస్తాం, ఆ మాట ఎవరు చెబుతారు అన్నది పగలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు కాగితం మీద పెట్టుకోవాలి. తెల్లవారుజామున 4 గంటలకు, ఇంకో అరగంటలో సరైపోతుందని అందరూ అనుకుంటున్నప్పుడు ఆ నిర్ణయం ఎవరూ సరిగ్గా తీసుకోలేరు. డీఎన్ఎస్ (వెబ్ పేరును సర్వర్ అడ్రస్‌తో కలిపే వ్యవస్థ) రికార్డుల టీటీఎల్‌ను, అంటే ఇతర కంప్యూటర్లు ఆ అడ్రస్‌ను గుర్తుంచుకునే గడువును, కొన్ని రోజుల ముందే తగ్గించి ఉంచడం లాంటి చిన్న పనులు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. లేకపోతే సర్వర్ మార్చాక కూడా కొందరు వినియోగదారులు గంటల తరబడి పాత అడ్రస్‌కే వెళ్తుంటారు.

క్లౌడ్ సంస్థ చూసుకోనివి

భవనం, కరెంటు, హార్డ్‌వేర్ బాధ్యత క్లౌడ్ సంస్థది. ఎవరికి ఏ యాక్సెస్ ఇచ్చారు, ఏ స్టోరేజ్ బయటి ప్రపంచానికి తెరిచి ఉంది అన్నది వాడుకునేవారిది. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి సుమారు 10 కోట్ల మంది అమెరికన్ల వివరాలు బయటికి పోయాయి. తప్పుగా అమర్చిన ఒక ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే అభ్యర్థనలను వడగట్టే రక్షణ), దానికి అవసరానికి మించి ఇచ్చిన అనుమతులు కారణమయ్యాయి. సర్వర్ రూమ్‌లో గోడలూ తాళాలూ ఇచ్చిన రక్షణ క్లౌడ్‌లో ఉండదు. అక్కడ ఐడీ, పాస్‌వర్డ్, అనుమతులే గోడలు. కాబట్టి మొదటి సర్వర్ వెళ్లకముందే అడ్మిన్ ఖాతాలకు రెండంచెల లాగిన్, ఎవరు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు సిద్ధంగా ఉండాలి.

బ్యాకప్ విషయంలోనూ ఇంతే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బ్యాకప్‌లు కూడా అదే ప్రాంగణంలో ఉన్నవాళ్లు డేటా శాశ్వతంగా పోగొట్టుకున్నారు. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనీసూపర్‌కు ఇంకో తరహా గండం వచ్చింది. గూగుల్ వైపు జరిగిన ఒక సెటప్ లోపం వల్ల దాని ప్రైవేట్ క్లౌడ్ మొత్తం డిలీట్ అయింది. రెండు ప్రాంతాల్లో కాపీలున్నా రెండూ పోయాయి. వేరే సంస్థ దగ్గర కూడా బ్యాకప్‌లు పెట్టుకోవడం ఆ నిధి కోలుకోవడానికి తోడ్పడింది. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండటం ఒక జాగ్రత్త. వేరే ఖాతాలో, వీలైతే వేరే సంస్థ దగ్గర ఉండటం దానికి మించినది.

సర్వర్లన్నీ వెళ్లిపోయాక కూడా పాత గదిలో పని మిగులుతుంది. పాత మెషీన్లను వెంటనే అమ్మేయకుండా, ముందు నెట్‌వర్క్ కేబుల్ తీసేసి కరెంటు ఉంచి కొన్ని వారాలు ఆగాలి. జాబితాకు దొరకని లింక్ ఏదైనా మిగిలి ఉంటే అప్పుడు తెలుస్తుంది, కేబుల్ మళ్లీ గుచ్చితే సరిపోతుంది. కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక త్రైమాసికం ముగింపు అలా గడిచాక డిస్కులు పూర్తిగా చెరిపి, చెరిపినట్టు రికార్డు రాసుకుని, వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందాలను రాతపూర్వకంగా రద్దు చేయాలి. ఆ చివరి ఉత్తరం పంపడం మరిచిపోతే, లేని సర్వర్లకు వచ్చే ఏడాది కూడా మెయింటెనెన్స్ బిల్లు వస్తుంది.